మూడో అంతస్తు నుంచి ఫైలు ఎందుకు ఎక్కడం లేదు?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు వర్తూరులో అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి అనంతపురంలోని ఒక స్టూడియోకు పంపడం నా పని. మా ఆవిడ ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు పనిచేస్తుంది. మా వీధికి ఫైబర్ రాలేదు కనుక సిమ్‌తో పనిచేసే 5జీ హోమ్ ఇంటర్నెట్ పెట్టించుకున్నాం. డౌన్‌లోడ్ 95 ఎంబీపీఎస్ దాకా వస్తోంది, అప్‌లోడ్ మాత్రం 3 దాటడం లేదు. 40 నిమిషాల వీడియో, 12 జీబీ ఫైలు ఎక్కించడానికి రాత్రంతా పడుతోంది. అంతకన్నా ఇబ్బంది ఏమిటంటే, నేను ఫైలు పెట్టగానే మా ఆవిడ మీటింగు ఆగిపోతోంది. ఎస్పీ రోడ్డులో ఒక దుకాణదారు బూస్టర్ కొనుక్కోమన్నాడు. కంపెనీవాళ్లు పై ప్లాను తీసుకోమంటున్నారు. ఏది చేయమంటారు?
— ఒక పాఠకుడు, వర్తూరు, బెంగళూరు

సమాధానం:

ప్రస్తుతానికి రెండూ వద్దు. బూస్టర్ సంగతి తర్వాత చెబుతాను. ప్లాను అన్నది వేగానికి కంపెనీ పైన గీసిన గీత మాత్రమే. మీ ప్లానులో అప్‌లోడ్‌కు విడిగా పరిమితి రాసి ఉందేమో ఒకసారి చూడండి. ఆ అంకె 3 కన్నా ఎక్కువైతే, మీరు ఇంకా అందుకోని గీతను మరింత పైకి జరపడానికి నెలనెలా డబ్బు కట్టడంలో అర్థం లేదు. మీ సమస్య బిల్లులో కాక, మీ హాల్లో రూటరు ఉన్న చోట ఉండే అవకాశమే ఎక్కువ.

డౌన్‌లోడ్ 95 వస్తున్నప్పుడు అప్‌లోడ్ 3 దగ్గర ఎందుకు ఆగిపోతుందన్నది ముందుగా అర్థం చేసుకోవాలి. జాతరలో తప్పిపోయిన పిల్లవాడి పేరు మైకులో చెబితే ఊరి పొలిమేర దాకా వినిపిస్తుంది, కానీ జనం మధ్య నుంచి ‘ఇక్కడున్నాను’ అని తండ్రి వేసే కేక పది గజాలు దాటదు. టవరుకూ మీ రూటరుకూ మధ్య ఉన్న తేడా అలాంటిదే. టవరు పదుల వాట్ల శక్తితో, పెద్ద యాంటెన్నాతో పలుకుతుంది. మీ ఇంట్లోని రూటరు గానీ, చేతిలోని ఫోను గానీ సాధారణంగా 23 డీబీఎం, అంటే వాటులో అయిదో వంతు శక్తితో బదులు పలకాలి. కొన్ని పరికరాలకు 26 డీబీఎం వరకు అనుమతి ఉంటుంది, అది కూడా వాటులో సగం లోపే. గోడ అడ్డం వచ్చినప్పుడు టవరు గొంతు ఎలాగో దాటి వస్తుంది గానీ రూటరు గొంతు అక్కడే ఆగిపోతుంది. అందుకే ఫోను మీద సిగ్నలు గీతలు నిండుగా కనిపించినంత మాత్రాన అప్‌లోడ్ బాగుంటుందని అనుకోకూడదు, ఆ గీతలు టవరు మాట మనకు ఎంత బాగా వినిపిస్తోందో చెబుతాయే తప్ప మన మాట టవరుకు ఎంత వినిపిస్తోందో చెప్పవు.

దీనికి తోడు మరొక కారణం ఉంది. మన దేశంలో 5జీకి ఎక్కువగా వాడుతున్న ఎన్78 అనే బ్యాండు, అంటే 3300 మెగాహెర్ట్జ్‌కు పైనున్న తరంగాలు, రాకకూ పోకకూ ఒకటే బాట. ఒకే వరుస ఉన్న వంతెన మీద ఇటువారిని కొంతసేపు, అటువారిని కొంతసేపు వదిలినట్టు, ఒకే తరంగాన్ని కాలంలో ముక్కలు చేసి వాడతారు. బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో సెకనులో రెండు వేలవ వంతు చొప్పున అయిదు ముక్కలు తీసుకుని, మూడింటిని డౌన్‌లోడ్‌కు, ఒకదాన్ని ప్రధానంగా ఇటు నుంచి అటు మారడానికి, ఒకే ఒక్కదాన్ని అప్‌లోడ్‌కు ఇస్తారు. సినిమాలు చూసేవారే ఎక్కువ, ఫైళ్లు పంపేవారు తక్కువ అన్న లెక్క మీద చేసిన పంపకం ఇది. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచినప్పుడు కూడా ఆ కనీస వేగాన్ని డౌన్‌లోడ్‌కే చెప్పింది. మీవంటి ఎడిటర్ల గోడు ఎవరి లెక్కలోనూ లేదన్నమాట. ఈ పంపకాన్ని మనం మార్చలేం కాబట్టి, మన వంతుకు వచ్చిన ఆ ఒక్క ముక్కలో రూటరు గట్టిగా, స్పష్టంగా పలికేటట్టు చూడటమే మన చేతిలో ఉన్న పని.

ఏదైనా కదిలించే ముందు జబ్బు ఏదో తేల్చుకోవాలి. రూటరు నుంచి లాప్‌టాప్‌కు నేరుగా లాన్ కేబులు పెట్టండి. వైఫై మీద కొలిస్తే లోపం వైఫైదో, టవరుదో తెలియదు. ఇంట్లోని మిగతా ఫోన్లనూ టీవీనీ కాసేపు ఆపి, తెల్లవారుజామున అయిదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి, మూడు రోజుల పాటు అప్‌లోడ్ కొలిచి కాగితం మీద రాసుకోండి. ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్ గానీ, మీకు అలవాటైన మరొకటి గానీ వాడవచ్చు, కానీ మూడు రోజులూ ఒకదాన్నే వాడాలి. వేకువన 15 వచ్చి రాత్రి 3 వస్తే టవరు మీద జనం ఎక్కువయ్యారని అర్థం. మీ చుట్టుపక్కల పీజీ హాస్టళ్లలో ఉన్న వందలాది పిల్లలు ఆఫీసుల నుంచి వచ్చి ఫోన్లు పట్టుకునే వేళ అదే కదా. అలాంటప్పుడు మరొక టవరును పట్టుకోవడమో, ఫైళ్లను వేకువన పంపడమో తప్ప దగ్గరి దారి లేదు. వేకువన కూడా 3 మాత్రమే వస్తే జనం మీద నింద వేయనక్కర్లేదు, మీ రూటరు గొంతు బయటికి పోవడం లేదు. మీ ఉత్తరాన్ని బట్టి నాకు ఈ రెండోదే అనిపిస్తోంది, ఎందుకంటే ఫైలు రాత్రంతా ఎక్కుతోందని రాశారు. 12 జీబీ ఫైలు 3 ఎంబీపీఎస్ మీద ఎక్కడానికి దాదాపు తొమ్మిది గంటలు పడుతుంది. అర్ధరాత్రి దాటాక వేగం పెరిగి ఉంటే అంతకు ముందే ముగిసి ఉండేది.

ఇప్పుడు రూటరు కింద అంటించిన చీటీ మీద ఉన్న చిరునామాను, చాలా వాటికి 192.168.1.1 ఉంటుంది, బ్రౌజరులో తెరవండి. లోపల సిగ్నలు వివరాల పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ, ఎస్‌ఐఎన్‌ఆర్ అని రెండు అంకెలు కనబడతాయి. మొదటిది సిగ్నలు బలం. మైనస్ 80 దగ్గర ఉంటే చాలా బాగున్నట్టు, మైనస్ 100 అయితే సర్దుకోవచ్చు, మైనస్ 110 దాటితే అప్‌లోడ్ మీద ఆశ వదులుకోవచ్చు. రెండోది గోలలో మాట ఎంత విడిగా వినిపిస్తోందన్న కొలత. అది 20కి పైన ఉంటే శ్రేష్ఠం, 5 కన్నా దిగువకు వస్తే కష్టం. ఈ లెక్కలో 3 డీబీ పెరిగితే శక్తి రెట్టింపు అయినట్టు, 10 పెరిగితే పది రెట్లు అయినట్టు. కాబట్టి మైనస్ 108 నుంచి మైనస్ 98కి రావడం చిన్న మార్పేమీ కాదు. కొన్ని రూటర్లు తాము ఎంత శక్తితో పంపుతున్నాయో కూడా, ట్రాన్స్‌మిట్ పవర్ పేరుతో, చూపిస్తాయి. ఫైలు ఎక్కుతున్న సమయంలో ఆ అంకె 23 దగ్గరే నిలిచిపోయి ఉంటే రూటరు గొంతు చించుకుని అరుస్తోందని తెలుసుకోండి. ఇంకొంచెం గట్టిగా పలికే ఓపిక దానికి లేదు, చోటు మార్చడమొక్కటే మార్గం.

మా రామమూర్తి నగర్ ఇంట్లో నేను ఈ పని చేసిన తీరు చూసి ఇంట్లోవాళ్లు నవ్వారు. రూటరును బూజు కర్రకు తాడుతో కట్టి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి, గది గదికీ తిప్పాను. మా అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చుని అంకెలు పైకి చదువుతుంటే నేను గోడ మీద చాక్‌పీసుతో రాస్తూ పోయాను. టీవీ స్టాండు మీద మైనస్ 109 ఉన్నది, వంటింటి వెంటిలేటరు దగ్గరకు, పైకప్పుకు ఒక జానెడు కిందికి తీసుకువెళితే మైనస్ 97కి వచ్చింది. అప్‌లోడ్ 2 నుంచి 11కి పెరిగింది. ఆ వెంటిలేటరు టవరు వైపు ఉందని అంతవరకు నాకు తెలియదు, అక్కడ పెట్టాలని ఊహించి ఉండేవాడిని కూడా కాదు. మీరూ ఊహ మీద ఆధారపడకుండా ప్రతి చోటా రెండు నిమిషాలు ఆగి, అంకెలు నిలకడగా అయిన తర్వాతే రాసుకోండి. ఒకే కిటికీ దగ్గర కూడా జానెడు పక్కకు జరిపితే తేడా వస్తుంది. మరొక్క మాట: బలం ఎక్కువున్న చోటు కన్నా ఎస్‌ఐఎన్‌ఆర్ ఎక్కువున్న చోటును ఎంచుకోండి. చివరి తీర్పు మాత్రం అప్‌లోడ్ కొలతదే.

అడ్డంకులలో అన్నిటికన్నా మోసపుచ్చేది కిటికీ అద్దం. ఎండ తగలకుండా అద్దాలకు వేసే సన్ ఫిల్ములో సన్నటి లోహపు పూత ఉండవచ్చు. అది కంటికి పారదర్శకంగా కనబడుతుంది గానీ రేడియో తరంగానికి ఇనుప తలుపు లాంటిది, వందో వంతు శక్తి మాత్రమే దాటగలిగేంతగా అడ్డుపడిన సందర్భాలు ఉంటాయి. పరీక్ష చాలా సులువు: రూటరును కిటికీ దగ్గర పెట్టి రెక్క మూసి ఒకసారి, తెరిచి ఒకసారి అంకె చూడండి. పదికి పైగా తేడా వస్తే దోషి దొరికినట్టే. ఇనుప బీరువా, పెద్ద నిలువుటద్దం, నీళ్ల తొట్టి, కాంక్రీటు స్తంభం ఇవన్నీ ఆ తర్వాతి వరుసలో ఉంటాయి. బయట నిద్రగన్నేరు చెట్టు ఉంటే దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఈ తరంగాలకు వాన చినుకు పెద్ద అడ్డు కాదు, వానకు తడిసిన ఆకులు మాత్రం అడ్డే. జూన్‌లో హఠాత్తుగా వేగం పడిపోయిందని కంపెనీకి ఫోన్లు చేసేవారిలో కొందరి ఇంటి ముందు అలాంటి చెట్టు ఉంటుంది.

ఇంట్లో ఎక్కడ పెట్టినా మైనస్ 105కు ఇవతలికి రాకపోతే, ఇంటి లోపలి రూటరుకు బదులు బయట బిగించే యూనిట్ ఇవ్వమని కంపెనీని అడగండి. సిమ్మూ మోడెమూ యాంటెన్నా అన్నీ ఆ డబ్బాలోనే మేడ మీద ఉంటాయి, అక్కడి నుంచి ఒక్క నెట్‌వర్క్ కేబులు మీ ఇంటికి దిగుతుంది, కరెంటు కూడా అదే కేబులులో పైకి పోతుంది. ఆ కేబులు వంద మీటర్ల వరకు ఉండవచ్చు కనుక అయిదో అంతస్తు పైనుంచి మీ మూడో అంతస్తుకు రావడం ఇబ్బంది కాదు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. విడిగా యాంటెన్నా కొని, మేడ మీద పెట్టి, సన్నటి కోయాక్సియల్ కేబులుతో రూటరు దాకా తెచ్చుకుంటే, ఆ కేబులు మీటరుకు సుమారు ఒక డీబీ చొప్పున మింగేస్తుంది. పదిహేను మీటర్లు దిగేసరికి యాంటెన్నా సంపాదించినదంతా దారిలోనే ఖర్చయిపోతుంది. పైగా ఎస్పీ రోడ్డులో దొరికే 4జీ యాంటెన్నాలలో చాలా వరకు 2700 మెగాహెర్ట్జ్ వరకే పనిచేస్తాయి, మీకు కావలసింది 3300కు పైన. డబ్బా మీద ఆ అంకె చూడకుండా కొనవద్దు.

బిగించడానికి వచ్చిన కుర్రవాడిని తొందరపెట్టకండి. టవర్లు ఏ దిక్కున ఉన్నాయో టెలికాం శాఖవారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో మ్యాపు మీద ముందే చూసి పెట్టుకోండి. యూనిట్‌ను ఆ దిక్కుకు తిప్పి, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా అటూ ఇటూ జరుపుతూ అప్‌లోడ్ కొలిచి చూపించమనండి. కొందరు డౌన్‌లోడ్ చూపించి సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. నీళ్ల ట్యాంకు వెనుక బిగించనివ్వకండి. కేబులు ఇంట్లోకి దూరే చోట కిందికి ఒక వంపు ఉంచితే వాన నీరు ఆ వంపు దగ్గర జారిపోతుంది, కనెక్టరు దాకా రాదు. అద్దె ఇల్లు కాబట్టి యజమాని అనుమతి ఒక్క వాట్సాప్ సందేశంగానైనా తీసుకోండి.

ఇక బూస్టర్. లైసెన్సు లేకుండా మొబైల్ సిగ్నల్ బూస్టర్ పెట్టుకోవడం మన దేశంలో చట్టవిరుద్ధం, అమ్మడం కూడా అంతే. దుకాణదారు ఆ మాట చెప్పి ఉండడు. చట్టం సంగతి పక్కన పెట్టినా, అది మాటతో పాటు గోలను కూడా పెంచి టవరు మీదికి విసురుతుంది, దాని వల్ల చుట్టుపక్కల ఫోన్లన్నీ దెబ్బతింటాయి.

మీ ఆవిడ మీటింగు ఆగిపోవడం వేరే జబ్బు, దానికి వేరే మందు ఉంది. దర్శిని హోటల్లో కూపన్ కౌంటరు దగ్గర మీ ముందు నిలబడినవాడు యాభై పార్సిళ్లు చెబితే, ఒక్క కాఫీ కోసం వచ్చిన మీరు కూడా అవన్నీ కట్టేదాకా ఆగవలసిందే. మీ 12 జీబీ ఫైలు యాభై పార్సిళ్ల మనిషి, ఆవిడ గొంతు ఒక్క కాఫీ. రూటరు తన దగ్గరకు వచ్చిన దానినల్లా వరుసలో పేర్చి, ఆ వరుసను కొన్ని సెకన్ల పొడవు దాకా పెరగనిస్తుంది. ఫైలు ఎక్కుతుండగా కంప్యూటరులో పింగ్, అంటే మన పలకరింపుకు బదులు ఎంతసేపట్లో వస్తోందో కొలిచే పరీక్ష, పెట్టి చూడండి. మామూలుగా 40 మిల్లీసెకన్లు ఉండేది వెయ్యి దాటితే ఇదే కారణం. పైగా జూమ్ లెక్క ప్రకారమే 720పీ వీడియోతో గ్రూప్ మీటింగుకు 2.6 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి. మీకున్నదే 3 కనుక అక్కడికి పంపకం పూర్తయినట్టే. ఆవిడ సెట్టింగ్స్‌లో హెచ్‌డీ ఆపితే సుమారు 1 ఎంబీపీఎస్‌తో సరిపోతుంది.

ఈ వరుసను సరిచేసే చవకైన ఉపాయం ఫైలుకు కళ్లెం వేయడమే. బ్రౌజరులో ఎక్కించడం మానేసి గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్ వాడండి. మధ్యలో నెట్ తెగినా ఆగిన చోటి నుంచి మొదలవుతుంది, దాని సెట్టింగ్స్‌లో అప్‌లోడ్‌కు హద్దు పెట్టుకోవచ్చు. ఆ హద్దు కిలోబిట్లలో కాక కిలోబైట్లలో అడుగుతుందని గుర్తుంచుకోండి. 3 ఎంబీపీఎస్ అంటే 375 కిలోబైట్లు, మీటింగుల వేళ 150 పెట్టి, రాత్రి ఆవిడ లాప్‌టాప్ మూసిన తర్వాత హద్దు తీసేయండి. ఓపిక ఉంటే ఎస్‌క్యూఎం, అంటే వరుసను తెలివిగా సర్దే సౌకర్యం, ఉన్న మరొక రూటరును ఈ రూటరు వెనుక పెట్టుకోవచ్చు. అది కాఫీవాళ్లకు విడిగా వరుస కడుతుంది. అయితే దానికి మీ అప్‌లోడ్ వేగం ఎంతో ముందుగా చెప్పాలి. సెల్యులార్ వేగం గంటకొక రకంగా ఉంటుంది కనుక, రాత్రి వచ్చే కనిష్ఠ అంకెలో ఎనభై శాతం ఇస్తే మేలు. ఈలోగా ఇంట్లోని ఫోన్లన్నిటిలో ఫోటోల బ్యాకప్‌ను ఆపి, గుమ్మం ముందు క్లౌడ్‌కు పంపే కెమెరా ఏదైనా ఉంటే దాన్ని కూడా చూడండి. అలాంటి కెమెరా ఒక్కటే రోజంతా ఒకటి రెండు ఎంబీపీఎస్ తాగుతూ కూర్చోగలదు.

మీ పని వైపు నుంచి కూడా ఒక మాట. 40 నిమిషాలకు 12 జీబీ అంటే సెకనుకు 40 మెగాబిట్ల ఫైలు. పెళ్లివారు చూసి ‘ఈ పాట మార్చండి, మేనమామను ఇంకొంచెంసేపు చూపించండి’ అని చెప్పడానికి అంత నాణ్యత అక్కర్లేదు. 5 మెగాబిట్లతో 1080పీ కాపీ తీస్తే 1.5 జీబీ అవుతుంది, ఇప్పుడున్న 3 ఎంబీపీఎస్ మీద కూడా గంటా పది నిమిషాల లోపే వెళ్లిపోతుంది. మార్పులన్నీ తేలాక అసలు ఫైలును ఒక్కసారే పంపండి.

వేరే కంపెనీకి మారాలనుకుంటే కొత్త కనెక్షన్‌కు డబ్బు కట్టే ముందు, ఆ కంపెనీ సిమ్ ఉన్న స్నేహితుడిని భోజనానికి పిలిచి, మీ కిటికీ దగ్గర అతని ఫోనులో అప్‌లోడ్ కొలవండి. 2022లో 5జీ మొదలైనప్పుడు జియో ఒక్కటే 700 మెగాహెర్ట్జ్ కొన్నది. అందులో పోకకు విడిగా బాట ఉంటుంది, గోడలను కూడా అది తేలికగా దాటుతుంది, అయితే ఆ బాట సన్నది. ఎయిర్‌టెల్ అప్పుడు 4జీ ఊతంతో నడిచే పద్ధతిలో మొదలుపెట్టింది. మీ వీధిలో ఏది మెరుగో కాగితం మీద తేలేది కాదు. అలాగే మీ వీధికి ఫైబర్ ఎప్పుడు వచ్చినా వెంటనే మారిపోండి. ఫైబర్ ప్లాన్లలో చాలా వాటికి అప్‌లోడ్ కూడా డౌన్‌లోడ్ అంతే ఉంటుంది, రూటరు గొంతుతో అక్కడ పని లేదు.

స్టూడియోవారు రా ఫుటేజీ, అంటే ఎడిట్ చేయని వీడియో, అంతా తిరిగి పంపమని అడిగితే మాత్రం నేను చెప్పిన ఉపాయాలేవీ వాడకండి. 500 జీబీ అనుకుంటే, అప్‌లోడ్‌ను కష్టపడి 10కి తెచ్చుకున్నా నాలుగున్నర రోజులకు పైగా పడుతుంది, ఇప్పటి 3 మీద పదిహేను రోజులు. హార్డ్ డిస్కులో వేసి, ఇంట్లో ఒక కాపీ ఉంచుకుని, రాత్రి అనంతపురం బస్సుకు పార్సిల్ వేస్తే తెల్లారేసరికి స్టూడియో గుమ్మంలో ఉంటుంది.